స్టాండు లేని సైకిలు

మొక్కుబడేం లేదు, గువ్వలచెరువు ఘాటు ఎక్కాలని.
ఆదివారం. ట్రెజరీకి తాళం.
తెల్లారుజామున నాలుగున్నరకు
కడప ఇంకా దుప్పటి తీయలేదు.
చింతకొమ్మదిన్నె దాటినాక
ఒక్క కుక్క మాత్రం కొంచెం దూరం తరిమి,
నాలో కండ లేదని తేల్చుకొని నిలిచిపోయింది.

తారు మీద సన్న టైర్ల చప్పుడు
చాటలో బియ్యం జరిగినట్టు.
ముందర కొండ.
చీకట్లో అది కనపడదు,
చుక్కలు లేని చోటు చూసి
ఓహో, ఇక్కడుందని తెలుసుకోవాల.

మొదటి మలుపు మర్యాదగానే అడిగింది.
మూడో మలుపుకల్లా జేబులు తడిమింది.
ఇంక మార్చడానికి గేర్లు లేవు.
వేలు మాత్రం అలవాటుగా
లేని గేరు కోసం మీట నొక్కుతానే ఉంది.
ముక్కు కొసన చెమట చుక్క వేలాడి
హ్యాండిలు మీద పడుతుంది, మళ్ళీ ఇంకోటి.
వారమంతా మంది బిల్లుల మీద
ఎర్రసిరాతో అభ్యంతరాలు రాస్తుంటా.
ఇక్కడ కొండ నా మీద రాస్తుంది.

వెనక లారీ.
బెంగళూరుకు పోయే కడప బండలు,
ఇరుసులు మూలిగేంత బరువు.
దాటిపోతుందిలే అనుకున్నా.
దాటలేదు.
నా పక్కకొచ్చి నా మాదిరే రొప్పుతాంది.
క్లీనరు పిల్లోడు కిందికి దూకి
వెనక చక్రం వెంబడి నడుస్తున్నాడు
చేతిలో చెక్క దిమ్మెతో,
బండి వెనక్కి జారితే టైరు కింద తోసేదానికి.
లారీ, వాడు, నేను.
ముగ్గురిదీ ఒకే వేగం.

"యాడికన్నా?"
"పైకి."
"పైన ఎవురుండారు?"
"ఎవురూ లేరు."
"కోవాకా?"
"తింటా. దానికోసమైతే కాదు."
దిమ్మెను ఈ చేతినుంచి ఆ చేతికి మార్చుకున్నాడు.
"కూలిస్తే ఎక్కాల. తరిమితే ఎక్కాల.
నీకేం వచ్చిందన్నా?"

నా దగ్గర ఒక్క మాటకు సరిపడా ఊపిరి ఉంది.
దాన్ని ఖర్చుపెట్ట బుద్ధి కాలేదు.
మలుపు లోపలి అంచు నిట్టనిలువు,
పెడలు మీద లేచి నిలబడ్డా.
వాడు నవ్వలేదు. నా వెనక చక్రం వైపు
ఓసారి చూశాడు, దిమ్మె పట్టుకొని,
అవసరమైతే నాకూ పెడదామన్నట్టు.

పైన తెల్లవారింది.
సుబ్బనరసమ్మ అంగట్లో బాణలి అడుగున
పాలు గరిటెకు అతుక్కుంటున్నాయి.
లారీ మూతి తెరుచుకొని ఆవిరి కక్కుతోంది.
దస్తగిరి అంట వాడి పేరు.
నా సైకిలు చుట్టూ రెండుసార్లు తిరిగాడు.
"బెల్లు లేదే."
లేదు.
"క్యారేజీ? మడ్డుగార్డు?"
తల అడ్డంగా ఊపినా.
"స్టాండు కూడా లేదా! మరి నిలబెట్టేదెట్లా?"
"నిలబెట్టం. యాడన్నా ఆనిస్తాం."
"ఇన్ని దుడ్లు పోసి
అన్నీ లేనివే కొన్నావు చూడన్నా!"

కోవా వేడిగా ఉంది, ఆకు వేళ్ళకంటింది.
తిని తిరిగి చూస్తే
సైకిలు నడిరోడ్డు పక్కన
దేన్నీ ఆనకుండా నిలబడి ఉంది.
దగ్గరికి పోతే తెలిసింది:
ఎడమ పెడలు కింద దిమ్మె.
వాడు అటు ముఖం పెట్టి
రేడియేటరులో నీళ్ళు పోస్తున్నాడు,
నాకేం తెలీదన్నట్టు.

దిమ్మె తెచ్చి చేతికిస్తే
అరిచేయంత మేర నునుపెక్కి ఉంది.
వాడిది రాయచోటి వైపు, నాది వచ్చిన వైపే.

ఇంక దిగడం.
గంటంబావు ఎక్కింది
పదకొండు నిమిషాల్లో ఖర్చయిపోయింది.
గాలికి కళ్ళు నీళ్ళు కారి చెవుల్లోకి పోయినాయి.
బ్రేకుల మీద రెండు వేళ్ళు,
కడుపులో కోవా, ఎదురుగా లోయంతా ఎర్రగా.
నాలుగో మలుపులో
ఇంకో లారీ పైకి పాకుతోంది.
పక్కన ఇంకో పిల్లోడు, ఇంకో దిమ్మె.
"యాడికన్నా?" అని అరిచాడు.
ఈసారి ఊపిరుంది.
నోరు తెరిచేలోపల
వాడు లేడు, మలుపు లేదు.